పీటీ స్లాబు మీద రైజ్డ్ ఫ్లోర్: విశాఖలో ఒక ఆఫీసు అంతస్తు కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నంలో మధురవాడ, రుషికొండ వైపు ఐటీ భవనాలను ఎక్కువగా బేర్ షెల్‌గానే అద్దెకిస్తారు. స్లాబు, స్తంభాలు, బయటి అద్దాల గోడ, లిఫ్టు లాబీ, టాయిలెట్లు యజమాని కట్టించి ఇస్తాడు. లోపలి నేల, ఫాల్స్ సీలింగ్, కరెంటు, ఏసీ, కేబుళ్లు అద్దెకు దిగినవాళ్లు చేయించుకోవాలి. అలాంటి ఒక అంతస్తులో రైజ్డ్ ఫ్లోర్‌తో, అంటే స్లాబు మీద పొట్టి కాళ్లు నిలిపి, వాటిపై తీసి పెట్టుకునే ప్యానెళ్లు పరిచి, కింది ఖాళీలో కేబుళ్లు నడిపే నేలతో, ఆఫీసు తయారుచేసిన పని ఇది. సంస్థను, భవనాన్ని, కాంట్రాక్టర్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాం, విస్తీర్ణాన్ని దగ్గరి అంకెకు సవరించాం. స్లాబు ఎత్తుపల్లాలు, ఎత్తుల లెక్క మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం. ఈ కేసులో నేర్చుకోవలసిందంతా ఆ మిల్లీమీటర్లలోనే ఉంది.

అద్దెకు దిగింది సాఫ్ట్‌వేర్ సేవల సంస్థ. మూడు షిఫ్టుల పని. కొత్త ప్రాజెక్టు వస్తే టీము పెరుగుతుంది, అయిపోతే చెదిరిపోతుంది, బల్లలు కూడా దాంతోపాటే జరుగుతాయి. నేల వేయాల్సింది సుమారు 7,500 చదరపు అడుగులు, అంటే 700 చదరపు మీటర్లకు కాస్త తక్కువ. అంతస్తు నుంచి అంతస్తుకు 3.45 మీటర్లు. స్లాబు 200 మి.మీ. మందం ఉన్న పోస్ట్ టెన్షన్డ్ ఫ్లాట్ స్లాబు (కాంక్రీటు గట్టిపడ్డాక లోపలి ఉక్కు తీగలను లాగి బిగించినది), సైట్లో అందరూ అనేది పీటీ స్లాబు. లాబీలో గ్రానైట్ అప్పటికే వేసి ఉంది. దాని పైమట్టం ఆఫీసు లోపలి స్లాబు కన్నా 60 మి.మీ. ఎత్తు.

సమస్య

మొదటి డ్రాయింగులో రైజ్డ్ ఫ్లోర్ సర్వర్ రూముకే ఉంది. మిగతా హాలంతా 75 మి.మీ. స్క్రీడ్ (స్లాబు మీద పోసే సిమెంటు, ఇసుక పొర), అందులో పీవీసీ పైపులు, బల్లల కింద ఫ్లోర్ బాక్సులు (నేలలో అమర్చే ప్లగ్ పాయింట్లు), పైన విట్రిఫైడ్ టైల్స్. మన దగ్గర ఇది అలవాటైన పద్ధతి, మేస్త్రీలు సులువుగా దొరుకుతారు, మొదటి ఖర్చు తక్కువ. అయినా ఈ అంతస్తుకు అది నప్పలేదు. అడ్డొచ్చినవి మూడు.

మొదటిది స్లాబే. పీటీ స్లాబులో బిగించిన ఉక్కు తీగలు స్తంభాల దగ్గర పైకి, స్పాన్ మధ్యలో, అంటే రెండు స్తంభాలకు నడుమ, కిందికి వంపు తిరిగి నడుస్తాయి. స్తంభం చుట్టూ అవి స్లాబు పైముఖానికి చాలా దగ్గరగా ఉంటాయి. అక్కడ గాడి కొట్టినా, లోతుగా డ్రిల్ చేసినా తీగ తెగొచ్చు. ఒక్క తీగ తెగినా స్లాబు బలం తగ్గుతుంది, తీగ తెగే క్షణంలో దగ్గరున్న మనిషికీ ప్రమాదమే. అందుకే స్కానింగ్ చేయకుండా 25 మి.మీ. మించి డ్రిల్ చేయకూడదని యజమాని ఒప్పందంలోనే రాశాడు. స్క్రీడ్ మందంలో పట్టని పైపును కిందికి దించే దారి దీంతో పూర్తిగా మూసుకుపోయింది.

రెండోది బరువు. 75 మి.మీ. స్క్రీడ్ చదరపు మీటరుకు 155 కిలోల పైన ఉంటుంది, టైలూ దాని జిగురూ కలిపితే 180 దాకా వస్తుంది. సిమెంటు నింపిన ఉక్కు ప్యానెళ్ల రైజ్డ్ ఫ్లోరు కాళ్లు, కడ్డీలు, కార్పెట్‌తో సహా 50 కిలోలు. ఈ విస్తీర్ణం మీద తేడా దాదాపు 90 టన్నులు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం విడిగా స్టోరేజీ ఉన్న ఆఫీసుకు చదరపు మీటరుకు 2.5 కిలోన్యూటన్ల లైవ్ లోడు (మనుషులు, సామాన్ల బరువు), విడిగా స్టోరేజీ లేనిదానికి 4 కిలోన్యూటన్లు తీసుకోవాలి. ఫైళ్ల కాంపాక్టర్ (పట్టాల మీద జరిగే బరువైన అల్మారాలు) పెట్టాలని సంస్థ అడిగినప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకోవడానికి ఈ 90 టన్నుల మిగులే ఆధారమైంది. రైజ్డ్ ఫ్లోర్ ప్రయోజనాల్లో దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. పాత భవనాలకు, స్పాన్ ఎక్కువున్న స్లాబులకు మాత్రం ముందు చూడాల్సింది ఇదే.

మూడోది మార్పులు. స్క్రీడ్‌లో పూడ్చిన ఫ్లోర్ బాక్సు వేసినచోటే ఉంటుంది. బల్ల రెండడుగులు జరిగితే బాక్సు నడకదారిలోకి వస్తుంది, వైరు నేలమీద పాకుతుంది, దానిమీద ఎవరో టేపు అంటిస్తారు. మళ్లీ కొట్టాలంటే దుమ్ము, చప్పుడు, తడి. మూడు షిఫ్టులు నడిచే ఆఫీసులో ఆ పనికి ఖాళీ దొరకదు.

కాగితం మీదే పక్కనపెట్టినవి

సీలింగ్ నుంచి బల్లలకు వైర్లు తెచ్చే పవర్ పోల్స్ దింపడం చవక, నేల జోలికి వెళ్లనక్కర్లేదు. కానీ పైన ఏసీ డక్టులు, స్ప్రింక్లర్ పైపులు ఇరుకుగా ఉన్నాయి. ప్రతి మార్పుకీ పనిచేసేవాళ్ల నెత్తిమీద నిచ్చెన వేయాలి, సీలింగ్ పలకలు తీయాలి. హాలు మధ్యలో డజన్లకొద్దీ స్తంభాలు నిలబడతాయి. వద్దనుకున్నాం.

రైజ్డ్ ఫ్లోర్ కింది ఖాళీలోంచే చల్లగాలి పంపుదామన్న సూచన కూడా వచ్చింది. ఆ పద్ధతిలో గాలిని 18 డిగ్రీల దగ్గర ఇస్తారు, ఖాళీ కనీసం 300 మి.మీ. పైన కావాలి, ఆ ఖాళీ నాలుగు వైపులా గాలి చొరకుండా మూసి ఉండాలి. విశాఖలో వానాకాలం డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరయ్యే ఉష్ణోగ్రత) 25 డిగ్రీలకు అటూ ఇటూ తిరుగుతుంది. అద్దాల గోడ అంచులో ఎక్కడ సందున్నా బయటి తేమగాలి చల్లబడ్డ ఉక్కును తాకి నీరవుతుంది. తేమను విడిగా తీసే యంత్రాంగం ఉండి, సందులన్నీ బాగా మూసి ఉంటే ఇది నడిచే పద్ధతే. ఈ భవనంలో ఏసీ అంతా సీలింగ్‌లోని డక్టబుల్ యూనిట్లు కాబట్టి ఆ ఖర్చుకు అర్థం లేదు.

ఎత్తు ఎంత?

రైజ్డ్ ఫ్లోర్ పనిలో అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది ఎత్తు. తర్వాత దీన్ని ఎవరూ మార్చలేరు. 100, 150, 300 మి.మీ. మూడింటినీ లెక్క కట్టాం. ఇక్కడ ఎత్తు అంటే స్లాబు నుంచి ప్యానెల్ పైముఖం వరకు.

ప్యానెల్ మందం 35 మి.మీ., దానికింద కాళ్లను ఒకదానితో ఒకటి కలిపే కడ్డీ, అంటే స్ట్రింగర్, లోతు 30 మి.మీ. 100 ఎత్తు తీసుకుంటే స్ట్రింగర్ కింద మిగిలేది 35 మి.మీ. ఒక పొర కేబుళ్లు పోతాయి, కానీ పవర్ ట్రే, డేటా ట్రే ఒకదాన్నొకటి దాటలేవు. దాటడం కుదరకపోతే లేఅవుట్ మార్పు కూడా కుదరదు. 150 తీసుకుంటే 85 మి.మీ. మిగులుతుంది, 40 మి.మీ. లోతున్న ట్రేలు రెండు ఒకదానిపై ఒకటి దాటినా 80. 300 అయితే కింద బోలెడు చోటు ఉంటుంది. కానీ స్లాబు నుంచి పై స్లాబు అడుగుదాకా ఉన్న 3.25 మీటర్లలోంచి దాన్నీ, 6 మి.మీ. కార్పెట్‌నూ, సీలింగ్‌కు కావలసిన 500నీ తీసేస్తే మనిషికి మిగిలేది 2.44 మీటర్లు. ఏసీ గదులకు నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పిన కనీసం 2.4 మీటర్లు. నిబంధనకు సరిపోయినట్టే గానీ అంత పొడుగు హాల్లో పైకప్పు నెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది. 150కి అదే లెక్క 2.6 మీటర్లు ఇచ్చింది.

తలుపు దగ్గరి ర్యాంపు కూడా ఎత్తును బట్టే వస్తుంది. 150కి 6 మి.మీ. కార్పెట్ కలిపితే 156, లాబీ 60, తేడా 96 మి.మీ. 1:12 వాలుకు 1.15 మీటర్ల ర్యాంపు సరిపోతుంది. 300 అయితే అది దాదాపు 3 మీటర్లవుతుంది, ప్రవేశం దగ్గర రిసెప్షన్‌ను మింగేస్తుంది. చాలాచోట్ల ఈ లెక్క ముందు వేయరు, చివర్లో ఒక మెట్టు కట్టేస్తారు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకూ, ఫుడ్ ట్రాలీకీ ఆ మెట్టు గోడతో సమానం. 150 ఖాయమైంది.

ప్యానెల్ ఎంపిక

600 × 600 మి.మీ. ప్యానెళ్లలో చెక్కపొడి కోర్ ఉన్నవి, క్యాల్షియం సల్ఫేట్‌వి, సిమెంటు నింపిన ఉక్కువి చూశాం. చెక్కపొడి కోర్ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. తుపాను గాలికి వాన అడ్డంగా కొట్టే ఊళ్లో, అద్దాల గోడ పక్కన దాన్ని వేయడం సాహసం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి అద్దాలను ఏం చేసిందో చూసినవాళ్లెవరూ నీళ్లు లోపలికి రావనే లెక్కతో డిజైన్ చేయరు. క్యాల్షియం సల్ఫేట్ ప్యానెల్ మీద నడక నిండుగా ఉంటుంది, చప్పుడు తక్కువ, కానీ బరువెక్కువ, నిలిచిన నీటిని అదీ ఓర్చుకోదు. సిమెంటు నింపిన ఉక్కు ప్యానెల్ నీళ్లకు ఉబ్బదు, నిప్పుకు అంటుకోదు, బోలుగా మోగదు. దాని బలహీనత ఒక్కటే: కోసిన అంచు. ఆ సంగతి కింద చెప్తాం.

బలం విషయంలో హాలుకు 800 పౌండ్లు, అంటే 363 కిలోల రకం చాలు. సర్వర్ రూముకు 1,000 పౌండ్ల రకం, సుమారు 450 కిలోలది, కావాలి. ఖర్చు తగ్గించడానికి రెండు రకాలూ కలిపి వేద్దామన్న వాదన వచ్చింది. ఒప్పుకోలేదు. రైజ్డ్ ఫ్లోర్‌లో ప్యానెళ్లు ఒకచోట ఉండవు. తీస్తారు, పేరుస్తారు, ఎక్కడ అవసరమైతే అక్కడ వేస్తారు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. రెండేళ్లకు బలహీనమైన ప్యానెల్ ర్యాకు కిందకు చేరుతుంది. అంతటా 1,000 పౌండ్ల రకమే తీసుకున్నాం. లెక్కకు 1,940 ప్యానెళ్లు కావాలి, కోతలకూ నిల్వకూ కలిపి 2,050 తెప్పించాం.

యూపీఎస్ బ్యాటరీ ర్యాకును మాత్రం ప్యానెళ్ల మీద పెట్టనివ్వలేదు. బ్యాటరీల బరువు టన్ను దాటుతుంది, అది ఏళ్లతరబడి కదలకుండా నాలుగు కాళ్ల మీదే నిలుస్తుంది. స్లాబు నుంచే యాంగిల్ స్టాండు లేపి, దాని పైమట్టాన్ని నేల మట్టానికి కలిపాం. సర్వర్ ర్యాకులను లోపలికి తోసే రోజు దారి పొడవునా 18 మి.మీ. ప్లైవుడ్ పరిచాం. నిలబెట్టిన ర్యాకు మోపే భారం కన్నా ఉక్కు చక్రాల మీద దొర్లే ర్యాకు ప్యానెల్‌ను ఎక్కువ దెబ్బతీస్తుంది.

నమూనా బేలో విఫలమైనవి

మొత్తం సరుకు దించకముందు రెండు స్తంభాల మధ్య ఒక బే పూర్తిగా వేసి చూడాలని ఒప్పందంలోనే పెట్టించాం. అక్కడ నాలుగు విషయాలు బయటపడ్డాయి. హాలంతా వేశాక తెలిసి ఉంటే వాటిలో ఏ ఒక్కటి సరిచేయాలన్నా నేల మొత్తం విప్పాల్సి వచ్చేది.

మొదటిది పెడస్టల్ కాళ్ల పొడవు. సరఫరాదారు ఒకే సైజు పంపాడు, ±20 మి.మీ. సర్దుబాటుతో. 150 ఎత్తుకు ప్యానెల్ కింద 115 మి.మీ. కావాలి, దానికి తగ్గదే ఇచ్చాడు. బే మధ్యలోకి వచ్చేసరికి మేస్త్రీ ఆగిపోయాడు: “సార్, నట్టు పూర్తిగా దింపేశానండి, తల ఇంకా మట్టం దారం పైనే ఉంది.” లేజర్ పెట్టి 3 మీటర్లకొక బిందువు చొప్పున అంతస్తంతా కొలిస్తే కారణం తెలిసింది. పీటీ స్లాబు స్పాన్ మధ్యలో పైకి ఉబ్బి ఉంటుంది, ఆ తీగల బిగింపే అలా నెడుతుంది. స్తంభాల దగ్గరి మట్టాన్ని సున్నా అనుకుంటే మధ్యలో 22 మి.మీ. పైకి ఉంది, అద్దాల గోడ అంచున 18 కిందికి దిగింది. మొత్తం తేడా 40. ఉబ్బు మీద 93 మి.మీ. కాలు కావాలి, అంచున 133. ఒకే సైజు కాలు సర్దుబాటు హద్దుల చివర్లలో అటూ ఇటూ వేలాడుతుంది. చివరిదాకా విప్పిన స్క్రూకు పట్టు తక్కువ, ఎక్కువ బరువు పడినా, పక్కకు తోసినా వంగుతుంది. కొన్నిచోట్ల మేస్త్రీలు స్టడ్డునే కోసి పొట్టి చేయబోయారు, ఆపించాం. కోసినచోట గాల్వనైజింగ్ పోతుంది, ఆ కాలు మళ్లీ ఇంకోచోట పనికిరాదు. 100, 125 మి.మీ. రెండు సైజుల కాళ్లు తెప్పించి, ఆ కొలతలతో గీసిన లెవెల్ మ్యాపు మీద ఏ వరుసకు ఏది అన్నది రంగు పెన్సిలుతో గుర్తించి ఇచ్చాం.

రెండోది జిగురు. డ్రిల్లింగ్‌కు హద్దు ఉంది కాబట్టి కాళ్ల బేస్ ప్లేట్లను జిగురుతోనే అంటించాలి. మర్నాడు ఒక కాలును అరచేత్తో పక్కకు నెడితే ఊడొచ్చింది. ప్లేటు తిప్పి చూస్తే జిగురు చెక్కుచెదరలేదు. దాని కింద చదరమంతా బూడిదరంగు పొర అంటుకుని ఉంది, వేలితో గీకితే పిండిలా రాలింది. స్లాబు పోసినప్పుడు పైకి తేలిన సిమెంటు పాలు ఎండి ఏర్పడ్డ బలహీనమైన పొర అది. జిగురు ఆ పొరను గట్టిగా పట్టుకుంది, ఆ పొర మాత్రం స్లాబును పట్టుకోలేదు. ఖరీదైన జిగురు వాడమని సరఫరాదారు సలహా. దానివల్ల ఏమీ మారదు, ఎందుకంటే ఓడింది జిగురు కాదు.

మూడోది స్ట్రింగర్లు లేని పద్ధతి. నాలుగు మూలల్లో స్క్రూలతో ప్యానెల్‌ను నేరుగా కాలి తలకు బిగించేది ఇది. తక్కువ ఎత్తుకు బాగానే నిలుస్తుంది, స్ట్రింగర్ల ఖర్చు తప్పుతుంది, కింద 30 మి.మీ. కలిసొస్తుంది. ఆ 30 చాలా ఊరించింది. కానీ వరుసగా నాలుగు ప్యానెళ్లు ఎత్తగానే మధ్యలో ఒంటరిగా మిగిలిన కాళ్లు ఊగాయి. తిరిగి పెట్టేటప్పుడు స్క్రూ రంధ్రాలు కలవలేదు, కార్పెట్ కింద ఒక్కో ప్యానెల్‌కు నాలుగు స్క్రూలు వెతికి విప్పాల్సి వచ్చింది. ఏడాదికోసారి తెరిచే నేలకు అది ఫరవాలేదు. నెలనెలా తెరిచే నేలకు బోల్టులతో బిగించిన స్ట్రింగర్లు ఉండాల్సిందే. ప్యానెల్ తీసినా చట్రం దానంతట అది నిలబడాలి.

నాలుగోది కార్పెట్. 500 మి.మీ. కార్పెట్ టైల్స్‌ను అలవాటుగా కాంటాక్ట్ జిగురుతో అంటించారు. ప్యానెల్ తీయబోతే టైల్ చిరిగింది. ఈ పనిలో ప్రతి నిర్ణయానికీ మేం పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: రెండేళ్ల తర్వాత ఒక కొత్త ఎలక్ట్రీషియన్, ఒక్క పనిముట్టుతో, ఐదు నిమిషాల్లో ఈ ప్యానెల్ ఎత్తగలడా? ఎత్తలేకపోతే సంస్థ డబ్బు పెట్టి కొన్నది మామూలు నేలే, కాస్త ఎత్తుగా.

ఫలించిన పద్ధతి

స్లాబుతో మొదలుపెట్టాం. డైమండ్ కప్పుతో గ్రైండింగ్ చేసి సిమెంటు పాల పొర తీయించాం, చీపురుతో కాకుండా ఇండస్ట్రియల్ వ్యాక్యూమ్‌తో దుమ్ము లాగించాం. అక్కడక్కడా అర మీటరు చదరం ప్లాస్టిక్ షీటును నాలుగంచులా టేపుతో అతికించి ఒక రాత్రి ఉంచి చూశాం. అడుగున చెమ్మ కనిపించినచోట ఆరేదాకా ముట్టుకోలేదు. తర్వాత రెండు కోట్లు ఎపాక్సీ సీలర్. ఇది జిగురుకు గట్టి పట్టు ఇస్తుంది, ఏళ్ల తరబడి కింది ఖాళీలో సిమెంటు దుమ్ము లేవకుండా కూడా ఆపుతుంది. జిగురు పెట్టాక 24 గంటలు ఎవరినీ కాళ్లమీద ప్యానెళ్లు వేయనివ్వలేదు. ఆ తర్వాత ప్రతి వరుసలో కొన్ని కాళ్లను రబ్బరు సుత్తితో పక్కనుంచి తట్టి చూశాం, ఒక్కటి కదిలినా ఆ వరుస మొత్తం మళ్లీ. ర్యాంపు దగ్గర, సర్వర్ రూములో మాత్రం స్కానింగ్ చేసి, 25 మి.మీ. లోపు పొట్టి యాంకర్లు కూడా వేశాం.

గ్రిడ్‌ను గోడ నుంచి మొదలుపెట్టలేదు. అద్దాల గోడ, లిఫ్టు కోర్ ఒకదానికొకటి సమాంతరంగా లేవు. గోడను నమ్మి మొదటి వరుస వేస్తే చివర్లో రెండంగుళాల చీలిక ముక్కలు మిగులుతాయి. హాలు మధ్య నడకదారి మీద దారం లాగి, 3-4-5 కొలతతో మూలమట్టం చూసి, రెండు చివర్లా కోత ముక్క 200 మి.మీ.కి తగ్గకుండా జరిపాం. ఇరుకు ముక్క కింద కాలు సరిగా కూర్చోదు, అడుగు పడగానే లేస్తుంది. మట్టానికి మా హద్దు 3 మీటర్ల పట్టీ కింద 1.5 మి.మీ. లాక్ నట్లు బిగించాకే కొలిచాం, ఎందుకంటే బిగించేటప్పుడే తల అర మిల్లీమీటరు తిరిగిపోతుంది.

కోతలు బయట బాల్కనీలో. సిమెంటు దుమ్ము ఏసీ ఫిల్టర్లలోకి వెళ్లకూడదు, పొడి కొత్త కార్పెట్‌లోకీ దిగకూడదు. కోసిన ప్రతి అంచు మీదా జింక్ రిచ్ పెయింట్ రెండు చేతులు. సముద్రపు గాలికి కోసిన ఉక్కు ఒక్క వానాకాలంలోనే తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బితే ఆ ప్యానెల్ పక్కదాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది, తర్వాత గునపం పెట్టి లేపాల్సి వస్తుంది. కోసిన ముక్కలన్నిటికీ అడుగున వరుస నంబరు రాయించాం.

కేబుల్ దారులు లెవెల్ మ్యాపు చూసి గీసినవి. స్పాన్ మధ్య ఉబ్బు మీద స్ట్రింగర్ కింద మిగిలేది 85 కాదు, 63 మి.మీ. మాత్రమే. అక్కడ రెండు ట్రేలు దాటలేవు. అందుకని ప్రధాన ట్రేలన్నీ స్తంభాల వరుస వెంట పోనిచ్చి, పవర్, డేటా దాటే ప్రతి చోటునూ అక్కడే పెట్టాం. ఉబ్బు మీదుగా పోయేవన్నీ ఒక్క పొరే. పవర్‌కూ డేటాకూ మధ్య ఒక ప్యానెల్ వెడల్పు, అంటే 600 మి.మీ. దూరం, దాటేచోట లంబంగా. ఎనిమిది సీట్లకొక జోన్ బాక్సు (నేల కింద తీగలను పంచే పెట్టె), అక్కణ్నుంచి బల్లదాకా 3 మీటర్ల వదులున్న తీగ. ఫ్లోర్ బాక్సు ఉన్న ప్యానెల్‌ను పక్క ప్యానెల్‌తో మార్చుకోవడానికి ఆ వదులు చాలు. బల్ల వెడల్పు 1,200 మి.మీ. తీసుకోమని ఫర్నిచర్ వాళ్లను ఒప్పించడం కూడా ఇందులో భాగమే: సరిగ్గా రెండు ప్యానెళ్లు. వాళ్లు ముందు ఇచ్చిన 1,350 అయితే ప్రతి నాలుగు బల్లల్లో ఒకదానికైనా బాక్సు స్ట్రింగర్ మీదకొస్తుంది.

అద్దాల గోడ అంచున స్లాబు 18 మి.మీ. కిందికుందని చెప్పాం. అంటే వాననీరు లోపలికి వస్తే చేరేది అక్కడికే. ఆ గోడ వెంట మొదటి ప్యానెల్ వరుస కింద కరెంటు లేదు, జాయింట్లు లేవు. లీకును పసిగట్టే సెన్సర్ కేబులు ఆ వరుసంతా, ఏసీ డ్రెయిన్ పైపుల కిందా నడిపాం. మిగతాచోట్ల ట్రేలు స్లాబుకు అంటకుండా 15 మి.మీ. బ్రాకెట్ల మీద కూర్చున్నాయి. స్తంభాల వరుసలో పై లెక్కలో మిగిలింది 5 మి.మీ. కాబట్టి దాటేచోట మాత్రం కింది ట్రేను 25 మి.మీ. లోతున్నదానికి మార్చాల్సి వచ్చింది.

మీటింగ్ రూముల గోడలు ప్యానెళ్ల మీదే నిలబెట్టాం, రేపు తీసేయడం సులువని. కానీ గోడ పైన ఎంత మందంగా ఉన్నా మాట కింది ఖాళీలోంచి పక్క గదిలోకి పోతుంది. గోడ గీత కింద స్లాబు దాకా రాక్‌వూల్ పలకలు నింపి ఆపాం. సర్వర్ రూము, ఎలక్ట్రికల్ రూముల గోడలు నిప్పును ఆపాల్సినవి కాబట్టి స్లాబు నుంచి స్లాబుకు కట్టించాం, కేబులు దూరిన ప్రతి రంధ్రానికీ ఫైర్ సీలెంట్. ఎలుకలు ఒక షాఫ్టులోంచి ఇంకో షాఫ్టుకు పోయే దారి కూడా ఈ రంధ్రాలే. పెద్దవాటికి ముందు ఉక్కు జల్లెడ బిగించి, ఆ పైన సీలెంట్.

సర్వర్ రూములో రెండు దిశల్లోనూ ప్రతి ఆరో కాలునూ 6 చదరపు మి.మీ. రాగి తీగతో ఎర్త్ బార్‌కు కలిపాం. స్ట్రింగర్లకు బోల్టులు ఉండాలనడానికి ఇది ఇంకో కారణం. బిగించిన కడ్డీల గుండానే మిగతా కాళ్లకూ ఎర్త్ అందుతుంది.

కార్పెట్ కింద, ఆరాక కూడా జిడ్డు నిలిచి టైల్‌ను పట్టుకుని, లాగితే వదిలే టాకిఫైయర్ వాడాం. టైల్స్ కీళ్లను ప్యానెళ్ల కీళ్లతో కలపలేదు. 500కూ 600కూ 3 మీటర్లకోసారి తప్ప కలవవు, ఒక కీలు మీద ఇంకో కీలు పడకపోతే ప్యానెళ్ల సందు పైకి తేలి కనిపించదు. ఒక ప్యానెల్ ఎత్తాలంటే కనీసం నాలుగు టైల్స్ ఒలవాలి, అది భరించదగ్గదే.

వాడకంలోకి వచ్చాక

మొదటి పెద్ద లేఅవుట్ మార్పు రెండు టీముల కలయిక. నలభై సీట్లు జరిగాయి, శని, ఆదివారాల్లో పని అయిపోయింది. కొత్త తీగ లాగలేదు, జోన్ బాక్సుల నుంచి ఉన్నవే మళ్లించారు. స్క్రీడ్ నేల మీద అదే పనికి కొట్టడం, పూడ్చడం, ఆరబెట్టడం, టైల్ వేయడం కలిపి ఆ మూల వారాలపాటు మూసి ఉండేది.

వానాకాలంలో అద్దాల గోడ సిలికాన్ కీలులోంచి నీళ్లు దిగాయి. సెన్సర్ మోగింది, ఆ వరుసలో ప్యానెళ్లు తీసి తుడిచారు, ఆఫీసు ఒక్క నిమిషం ఆగలేదు. టైల్ నేలైతే నీళ్లు పైన కనిపించి ఉండేవి కదా అని సంస్థ అడిగింది, న్యాయమైన ప్రశ్న. రైజ్డ్ ఫ్లోర్ నీటిని దాస్తుంది. సెన్సర్ కేబులు లేకుండా మన తీరంలో దీన్ని వేయకూడదని మేం గట్టిగా చెప్పేది అందుకే.

ఇబ్బంది ఎక్కువ వచ్చింది వాడేవాళ్ల అలవాట్ల దగ్గర. హౌస్‌కీపింగ్ వాళ్లు ప్యాంట్రీ ముందు బకెట్టు నీళ్లు పోసి మాప్ కొట్టారు, ఆ నీళ్లు కీళ్లలోంచి కిందికి దిగాయి. ప్యాంట్రీ ముందు రెండు వరుసలకు వైనిల్ పరిపించి, పిండిన మాప్ తప్ప వాడొద్దని వాళ్ల సూపర్‌వైజర్‌తో మాట్లాడాల్సి వచ్చింది. ఒకచోట ఎలక్ట్రీషియన్ పొడవుగా ఒక వరుసంతా ఎత్తేశాడు, అటూ ఇటూ ప్యానెళ్లు రెండేసి మిల్లీమీటర్లు జరిగాయి, చివరి ప్యానెల్ మళ్లీ పట్టలేదు. ఒకటి విడిచి ఒకటి ఎత్తాలి, తీసినదాన్ని తీసినచోటే పెట్టాలి. ఫర్నిచర్ వాళ్లు జోన్ బాక్సుల మీదే పెడస్టల్ డ్రాయర్లు పెట్టారు, వాటికి చక్రాలు వేయించాం.

హ్యాండోవర్‌లో కార్పెట్‌ను గుచ్చి లేపే లిఫ్టర్లు రెండు, సర్వర్ రూము కోసం రబ్బరు కప్పుల లిఫ్టరు ఒకటి, 40 ప్యానెళ్లు, రెండు సైజుల్లో కొన్ని కాళ్లు, లెవెల్ మ్యాపు, వరుస నంబర్ల డ్రాయింగు ఇచ్చాం. లిఫ్టర్లు స్టోర్ గదిలో తాళం వేసి పెడితే ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవరుతో అంచు లేపుతాడు, ప్యానెల్ మూల వంగుతుంది. అవి ఎలక్ట్రికల్ రూము తలుపు వెనక కొక్కేనికి వేలాడేలా పెట్టించాం.

ఖర్చు, పరిమితులు

మొదటి ఖర్చు స్క్రీడ్, టైల్ కన్నా ఎక్కువే, అందులో దాచేదేమీ లేదు. గ్రైండింగ్, సీలర్, సెన్సర్ కేబులు, రెండు సైజుల కాళ్లు కలిపితే కొటేషన్‌లో కనిపించే ప్యానెల్ ధర మీద ఇంకా పెరుగుతుంది. వీటిని కొటేషన్‌లోంచి తీసేసి చవగ్గా చూపించేవాళ్లు ఉంటారు. అలాంటి కొటేషన్‌తో పోలిక పెట్టకూడదు. ఈ సంస్థకు లెక్క సరిపోవడానికి కారణాలు రెండు: లేఅవుట్ తరచూ మారడం, అద్దె ఒప్పందం చివర్లో అంతస్తును బేర్ షెల్‌గా తిరిగి ఇవ్వాలన్న షరతు. స్క్రీడ్ అయితే పీటీ స్లాబు మీద జాగ్రత్తగా పగలగొట్టి, శిథిలాలు లిఫ్టులో దించి, దానికీ డబ్బు కట్టాలి. ప్యానెళ్లు, స్ట్రింగర్లు విప్పి ఇంకో ఆఫీసుకు తీసుకెళ్లొచ్చు. బేస్ ప్లేట్లు మాత్రం జిగురుతో పోతాయి, వాటిని ఖర్చుకిందే రాసుకోవాలి.

సీట్లు పదేళ్లయినా కదలని చిన్న ఆఫీసుకు, రోజూ కడిగే నేలకు, వరద నీళ్లు చేరే గ్రౌండ్ ఫ్లోరుకు మేం రైజ్డ్ ఫ్లోర్ చెప్పం. ఇదే సంస్థ పై అంతస్తు తీసుకున్నప్పుడు కూడా ప్యాంట్రీనీ, చేతులు కడిగే చోటునూ రైజ్డ్ ఫ్లోర్‌లోంచి తప్పించి, లాబీ మట్టానికే టైల్స్ వేయించాం. ఆ అంతస్తులో స్లాబు ఉబ్బు ఇంకోలా ఉంది, మొత్తం తేడా 31 మి.మీ. కింది అంతస్తు లెవెల్ మ్యాపు పనికిరాలేదు, 3 మీటర్ల గ్రిడ్‌తో మళ్లీ కొలిచాకే కాళ్లకు ఆర్డరిచ్చాం.